నేర్పు అంగడికెక్కినప్పుడు

విద్య దొంగలెత్తుకుపోలేని ధనమని మనకొక పాత నమ్మకం. నేర్చినవాడి నుంచి నేర్పును విడదీయడం సాధ్యం కాదన్నదే ఆ నమ్మకానికి పునాది. దాన్ని విడదీసి, మూటగట్టి, అంగట్లో పెట్టిన లోకం ఒకటుంది. అది కంప్యూటర్ తెరమీది ఆటలోకం. ఆటే కదా అని తోసిపుచ్చడానికి వీల్లేదు. అక్కడ చేతులు మారే డబ్బు నిజమైనది.

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆటను విడుదల చేసింది. వేలాదిమంది ఇంటర్నెట్ ద్వారా ఒకే అంతరిక్షంలో ఓడలు నడుపుతారు, ఖనిజం తవ్వుతారు, వర్తకం చేస్తారు, యుద్ధాలు చేస్తారు. ఏ ఓడ నడపాలన్నా ఆటగాడి పాత్రకు తగిన నేర్పు ఉండాలి. ఆ నేర్పును పాయింట్లలో కొలుస్తారు. ఇవి ప్రధానంగా ఆడితే వచ్చేవి కావు, కాలం గడిస్తే వచ్చేవి. ఆటగాడు నిద్రపోతున్నా అతని పాత్ర నేర్చుకుంటూనే ఉంటుంది. గంటకు 2,000 పాయింట్ల చొప్పున లెక్కించినా 5 లక్షల పాయింట్లకు 250 గంటలు, అంటే పది రోజులకు పైగా పడుతుంది.

2016 ఫిబ్రవరిలో సంస్థ ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. ఎక్స్‌ట్రాక్టర్ అనే పరికరాన్ని సంస్థ దగ్గర కొని, 55 లక్షల పాయింట్లు దాటిన పాత్ర నుంచి 5 లక్షలు తోడవచ్చు. తోడినది ఇంజెక్టర్ అనే సరుకుగా ఆటలోని అంగడికి వస్తుంది. కొన్నవాడి పాత్ర తక్షణమే ఆ నేర్పును పొందుతుంది.

కొత్తవాడు పదమూడేళ్ల పాతవాణ్ని ఎన్నటికీ అందుకోలేడు కనుక ఇది న్యాయమన్నారు కొందరు. ఓపికతో సంపాదించినదాన్ని డబ్బుతో కొనడం అన్యాయమన్నారు మరికొందరు. ఈ రెండు వాదాలూ ‘సంపాదన’ అంటే ఏమిటో విచారించకుండానే సాగాయి.

నిజానికి అంతకు ముందు ఆటగాడు చేసిన సంపాదన ఏమిటి? నెలనెలా చందా కట్టి, కాలం గడవనివ్వడం. అంటే ఆ నేర్పూ డబ్బిచ్చి కొన్నదే. కాకపోతే వాయిదాల మీద కొన్నది. పైగా మొత్తం పాత్రనే మరొకరికి అమ్ముకోవడానికి సంస్థ అంతకు ముందే అనుమతించింది. మునుపు మనిషితో సహా అమ్ముడైన నేర్పు, 2016లో మనిషి నుంచి విడివడి అమ్ముడైంది. అందువల్ల పవిత్రమైన శ్రమ అపవిత్రమైపోయిందని వాపోవడంలో అర్థం లేదు.

అయితే పోయినదేదో ఒకటి ఉంది. అది సమానత్వం. ధనికుడికైనా పేదకైనా పాత్ర ఒక్కంటికి గంటకు గంటే. ఎంత డబ్బున్నా ఆ పాత్రకు రేపటి నేర్పు ఈ రోజు రాదు. ఇంజెక్టర్ ఆ ఒక్క హద్దునూ చెరిపివేసింది.

దీని పర్యవసానం అంతటితో ఆగలేదు. ఓడ నడపడానికి కాక, కేవలం పాయింట్లు తోడి అమ్ముకోవడానికే పాత్రలను పెంచేవాళ్లు తయారయ్యారు. పాలకోసం పశువుల్ని మేపినట్లు అనేక ఖాతాల్లో పాత్రలను మేపారు. ఆ పాత్రలు నేర్చుకుంటాయి, ఆ నేర్పుతో ఏ పనీ చేయవు.

అంతరం పెరగకుండా సంస్థ ఒక కట్టడి పెట్టిన మాట నిజమే. 50 లక్షల లోపు పాయింట్లున్న పాత్రకు ఇంజెక్టర్‌లోని 5 లక్షలూ దక్కుతాయి. 8 కోట్లు దాటిన పాత్రకు దక్కేది లక్షన్నరే. మిగిలిన మూడున్నర లక్షలు ఎవరికీ చెందకుండా నశిస్తాయి. కలవాడికి ఇది ఖర్చు పెంచిందే గాని దారి మూయలేదు. నశించిన పాయింట్ల స్థానంలో మళ్లీ తోడాలి. తోడిన ప్రతిసారీ ఎక్స్‌ట్రాక్టర్ కొనాలి. కొనేవాడూ అమ్మేవాడూ పరస్పరం న్యాయాన్యాయాలు వాదించుకుంటూ ఉండగా, ఇద్దరి మధ్యా సుంకం వసూలు చేసుకున్నది సంస్థ.

ఒక్కటి మాత్రం అంగడికి ఎక్కలేదు. పెద్ద ఓడ నడిపే అర్హతను కొనుక్కున్నవాడు, ఎప్పుడు ముందుకు పోవాలో ఎప్పుడు వెనుదిరగాలో తెలియక దాన్ని పోగొట్టుకోవచ్చు. ఆ తెలివిడి ఓటమిలోనూ తోటివారి సాహచర్యంలోనూ అలవడేది. దాన్ని కొలిచే పాయింటు లేదు, కనుక తోడే పరికరమూ లేదు.

కొలతకు లొంగిన నేర్పే సరుకయింది. పట్టా వేరు, పాండిత్యం వేరు అని తెలిసిన మనకు ఇది బొత్తిగా కొత్త పాఠం కాదు. కొన్నదా, సంపాదించినదా అని అడిగే ముందు, ఆ కొలతను ఎవరు ఏర్పరిచారు, ఎవరి లాభం కోసం ఏర్పరిచారు అని అడగడం అవసరం.