పిట్‌బుల్ పిల్లకు 14 వారాలు నిండేలోపు

పులివెందుల చీనీ, అరటి తోటల్లో కాపలాకు కుక్కను సాకడం పాత అలవాటు. ఇంట్లో మిగిలిన సంగటి తిని పెరిగిన నాటు కుక్క ఆ పని చక్కగా చేసేది. ఇప్పుడు ఆ చోటికి పిట్‌బుల్‌నో, అమెరికన్ బుల్లీనో తేవాలని ముచ్చటపడేవాళ్లు ఉన్నారు. పిల్లను తెచ్చిన నాడే గొలుసు వేసి గేటు దగ్గర కట్టేస్తే, వచ్చేపోయేవాళ్ల మీదికి ఉసిగొల్పితే రోషం వస్తుందని కొందరి నమ్మకం. నిజానికి అలా పెంచితే పిల్లలో భయం ముదురుతుంది. పారిపోయే దారి లేని భయమే ఒకరోజు కాటవుతుంది.

కుక్కపిల్ల మెదడు ఈ లోకాన్ని నమ్మడం నేర్చుకునే కాలం చాలా చిన్నది. సుమారు 3వ వారంలో మొదలై 12–14 వారాలకు ముగుస్తుంది. అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే శాస్త్రవేత్తలు కొన్ని పిల్లల్ని మనుషులు కనబడని ఆవరణలో పెంచి, వేర్వేరు వయసుల్లో మనుషులకు పరిచయం చేశారు. 14 వారాల దాకా మనిషి చెలిమే ఎరగని పిల్లలు ఆ తర్వాత ఎంత మచ్చిక చేసినా మామూలు కాలేకపోయాయి. ఈ ఫలితం 1961లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మొదటి వారాల్లో పిల్లకు కుతూహలం ఎక్కువ, భయం తక్కువ. వయసు పెరిగేకొద్దీ భయం పైచేయి అవుతుంది. అప్పటిదాకా చూడనిదల్లా అనుమానించాల్సిన వస్తువే.

ఇక్కడే ఒక చిక్కు. పార్వో అనే వైరస్ జబ్బుకు టీకాలు పూర్తి కాకుండా పిల్లను వీధిలో తిప్పితే ప్రాణానికే ముప్పు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లలో ఒక్కో తీరు కాబట్టి, 6–8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాల దాకా రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తారు. అంతవరకు ఇంట్లోనే దాచేస్తే అసలు కాలం దాటిపోతుంది. అందుకే నేల మీద దించకుండా చంకనెత్తుకుని తిప్పాలి. ప్రొద్దుటూరు అంగళ్ల ముందు కాసేపు నిలబడితే చాలు: బురఖా వేసుకున్న అమ్మ, తలపాగా చుట్టిన గొర్రెల కాపరి, హెల్మెట్ తీయని కుర్రాడు, ఆటో హారన్, ట్రాక్టర్ మోత అన్నీ దొరుకుతాయి. దసరా డప్పులైతే మాత్రం దూరం నుంచే. ఒక్కొక్కటి కనబడినప్పుడు, వినబడినప్పుడు నోటికి చిన్న తిండి ముక్క అందించండి. ముడుచుకుపోతే, తోక కాళ్ల సందున పెడితే ఇంకా దూరం జరగండి. బలవంతంగా దగ్గరికి తోస్తే ఆ భయం జీవితాంతం నిలిచిపోవచ్చు.

పిల్లను మరీ పసితనంలో తల్లి నుంచి వేరు చేయడం మరో పెద్ద పొరపాటు. తోటి పిల్లల్ని గట్టిగా కొరికితే అవి కుయ్యోమని ఆట మానేస్తాయి. పళ్ల ఒత్తిడి ఎక్కడ ఆపాలో ఆ ఆటలోనే తెలుస్తుంది. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఇంటికొచ్చాక చేతిని కొరికితే కొట్టవద్దు, ఆట ఆపి లేచి వెళ్లిపోండి.

మరి జాతి మాటేమిటి? బుల్ జాతుల పూర్వీకుల్ని ఇంగ్లండులో ఎద్దుల మీదికి వదిలేవారు. ఆ వినోదాన్ని 1835లో చట్టం నిషేధించింది. దవడకు తాళం పడుతుందన్నది మాత్రం కట్టుకథ, ఎముకల్లో అలాంటి ఏర్పాటేదీ లేదు. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలతో 2022లో వెలువడిన జన్యు పరిశోధన, ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ఉండే ప్రవర్తన తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. అయితే కాటు బలం దగ్గర ఈ లెక్క ఊరట కాదు. కండబలమున్న కుక్క ఒక్కసారి కరిచినా గాయం లోతు. కాబట్టి ఈ జాతిని కోరుకున్నవాళ్ల మీద బాధ్యత ఎక్కువ. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్ సహా 23 జాతుల్ని నిషేధించాలని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చట్టం ఎటు తేలినా ఇంట్లో ఉన్న పిల్ల పెంపకం మన చేతిలోనే ఉంటుంది.

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. జమ్మలమడుగు వైపు ఇళ్ల ముందర పరిచిన నాపరాళ్లు వేసవి మధ్యాహ్నం పాదాల్ని కాల్చేస్తాయి. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా వగర్పుతోనే. ముక్కు పొట్టిగా ఉన్న జాతులకు అదీ సరిగా సాగదు. సూర్యోదయానికి ముందో, నేల చల్లారాకో నడిపించండి.

పసిపిల్లల దగ్గర కుక్కను ఒంటరిగా వదలకండి, ఎంత మంచిదైనా సరే. తింటున్నప్పుడు గుర్రుమందని కొట్టకండి. ఆ గుర్రు హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే తర్వాత చప్పుడు లేకుండా కరుస్తుంది. 12 వారాలకు రేబీస్ టీకా తప్పనిసరి. ఎన్నడూ లేనిది ఉన్నట్టుండి చిరచిరలాడుతుంటే ముందు నొప్పిని అనుమానించాలి. చెవిలో చీము కావచ్చు, పిడుదుల జ్వరం కావచ్చు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది. తిట్టి, కట్టేసే ముందు అక్కడ చూపించండి.