మ్రోగు రాళ్లు

డప్పునకు తోలు కావలెను, మద్దెలకు కొయ్య కావలెను. ఈ రెండును మట్టిలో చీకిపోవునవియే. కావున వ్రాత యెఱుగని కాలపు జనులు ఏమి వాయించిరో తెలిసికొన గోరువారికి రాయియే ముఖ్యసాక్షి. అట్టి సాక్షి మనకు దూరమున లేదు.

కర్ణాటకమున బళ్లారి యొద్ద కప్పగల్లు కొండ కలదు. గ్రానైటును చీల్చుకొని నల్లని డోలరైటు చాలొకటి అచ్చట పైకి వచ్చియున్నది. ఆ నల్లరాళ్లపై పొడవు కొమ్ముల యెద్దుల బొమ్మలు వందల కొలది కలవు. వానిని గూర్చి 1892లోనే ఫాసెట్ దొర వ్రాసెను. కొన్ని రాళ్లపై నున్నని గుంటలును కలవు. అచ్చట గ్రానైటు రాతితో కొట్టిన యెడల బండ గంటవలె ఖంగున మ్రోగును. గట్టిబండ క్రిందిరాళ్లను కొలది చోట్ల మాత్రమే తాకుచున్నందున దాని కంపనము అణగిపోదు. గంటను చేతితో పట్టుకొని కొట్టి చూచిన బాలురకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఒకనాటి ఆటచే అట్టి గుంటలు పడవు. నవీన శిలాయుగపు పశుపాలకులు తఱచుగ అచ్చటనే కొట్టియుండవలెను. పాలమూరు సీమలోని ఉట్నూరున వలె బళ్లారి ప్రాంతమునను పేడ కాలి యేర్పడిన బూడిదదిబ్బలు కలవు. అవి పండుగనాటి మంటల గుర్తులని ఆల్చిన్ పండితుని ఊహ. బొమ్మ చెక్కుటయు రాతి మ్రోతయు ఒక్క క్రతువులోనివే కావచ్చునని నికోల్ బోయివిన్ 2004లో వ్రాసెను. మాకును అదియే సమంజసముగ దోచుచున్నది. ఏలయన కొన్ని బొమ్మలు సులభముగ ఎక్కరాని తావుల నున్నవి.

ఆమె వ్రాయునాటికే రాతిగనులవారు కొండను కొంత పగులగొట్టిరి. బొమ్మ గల రాతిని ప్రదర్శనశాలకు తరలింపవచ్చును. మ్రోగు బండను కదల్చి వేఱువిధముగ కూర్చుండబెట్టినచో అది మూగవోవచ్చును.