ఒక చుక్కలో చార్మినార్

"నాన్నా, ఇందులో చార్మినార్ ఏదీ?" అని అడిగింది మా అమ్మాయి. కంప్యూటర్ మీద హైదరాబాద్ శాటిలైట్ ఫోటో చూస్తున్నాం. ఎంత వెతికినా దొరకదు. 1984లో పైకి వెళ్ళిన లాండ్‌శాట్-5 కంటికి నేల మీద 30 మీటర్ల చదరం ఒక్క చుక్క. చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లే!

అయినా ఊరు ఎలా మారిందో చెప్పడానికి ఆ చుక్కలు చాలు. పచ్చని ఆకులు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. ఫోటోలో దాన్ని ఎర్రగా చూపిస్తారు. నేను చదువుకునే రోజుల్లో మాదాపూర్ అంటే రాళ్ళ గుట్టలు, దుర్గం చెరువు. ఇప్పుడు చెరువు చుట్టూ అన్నీ భవనాల చుక్కలే. 2008 నుంచి ఆ పాత ఫోటోలు అందరికీ ఉచితం, మీరూ చూడవచ్చు.

మేముండే ఫీనిక్స్‌ది మరో కథ. 1999లో ఎగిరిన టెర్రా ఉపగ్రహంలోని ఆస్టర్ పరికరం ఇక్కడి నేల వేడిని కొలిచింది (టీవీలో చెప్పేది గాలి వేడి, అది వేరు). పగలు నీళ్ళు పెట్టిన పచ్చిక కన్నా చుట్టూ ఉన్న ఎడారే వేడి. రాత్రికి ఎడారి చల్లబడుతుంది. తారు రోడ్లు మాత్రం తాగిన ఎండని అంత త్వరగా వదలవు. 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఏడాది మా కౌంటీలో వేడి వల్ల 645 మంది పోయారు.

ఆస్టర్ వేడి ఫోటోలో చుక్క 90 మీటర్లు. మా ఇల్లూ, చుట్టుపక్కల ఇళ్ళూ అన్నీ అందులోనే.

"మనం ఒక చెట్టు పెడితే కనబడుతుందా?"

"కనబడదమ్మా. వీధంతా పెట్టాలి."

శనివారం పక్కింటివాళ్ళని అడుగుతానంటోంది.