పేట్రనైజ్ అను ఇంగ్లీషు మాట

చేనేత అంగళ్ల బోర్డుల మీదను, ప్రదర్శనల ఆహ్వాన పత్రికల మీదను “పేట్రనైజ్ హ్యాండ్‌లూమ్స్” అని కనబడుచుండును. కన్నడ, తమిళ బడులలో చదువుకొను మన పిల్లలు నిఘంటువు తెరచి, ఒకే మాటకు గౌరవము, అగౌరవము రెండును ఉండుట చూచి తికమక పడుచున్నారు.

లాటిను భాషలో పాటెర్ అనగా తండ్రి. దానినుండి పుట్టిన పాట్రోనుస్ అను మాటకు, రోము నగరమున బీదవారికి అండగా నిలుచు పెద్దమనిషి అని అర్థము. రాజులు కవులను పోషించిరనునప్పుడు ఈ మాట వాడుట అందుచేతనే.

అంగడి విషయమున అర్థము వేరు. ఒకే దుకాణమునకు పదేపదే పోయి సరుకు కొనుట పేట్రనైజ్ చేయుట. ఇందులో దానధర్మము లేదు. పాలు వాడుకగా పోయించుకొనుచున్నామందుము గదా, ఆ వాడుకయే ఇది. బోర్డు మీది మాటకు అర్థమిదే.

ఇక మూడవది. “పాపం చేతిపని, నాలుగు పోగులు తప్పినా తీసుకుందాం లెండి” అని భుజము తట్టువారు మనకు తెలియనివారు కారు. తాము పెద్దలమను భావముతో చూపు అట్టి దయను కూడ ఇంగ్లీషువారు ఈ మాటతోనే చెప్పుదురు. కనుక అధికారులకు అర్జీ వ్రాయునప్పుడు “మీరు మమ్ము పేట్రనైజ్ చేసితిరి” అనరాదు. మమ్ము చులకన చేసితిరని చదువుకొనగలరు. సపోర్ట్ అనిన చాలును. 1953లో మిల్లు బట్టపై గజమునకు 3 పైసల వంతున అదనపు సుంకము వేసి (ఇవి పాత పైసలు, రూపాయికి 192) ఖాదీకి, చేనేతకు వినియోగించిరే, అటువంటి సర్కారు సాయమునకు సపోర్ట్ అనుటే తగినది.

సహకార సంఘములలో పేట్రనేజ్ అనునది లెక్కల మాట. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి పిండి, వెన్న, పంచదార అమ్ము కొట్టు తెరచిరి. వారిలో నేతగాండ్రును ఉండిరి. వాటాధనమునకు మితమైన వడ్డీ ఇచ్చి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ మేరకు పంచిరి. ఎక్కువ వాటాలున్నవానికి ఎక్కువ లాభము రాలేదు. ఎక్కువ వాడుక ఉన్నవానికి వచ్చినది. నేత సంఘములలో కూలిని బట్టి బోనసు కట్టుట ఈ పద్ధతియే. నూలు సొసైటీలో తీసుకొని చీర షావుకారుకు వేయువారు బోనసు తగ్గెనని మహాసభలో కేకలు వేయుట నేను చూచుచునే యున్నాను. వారి వాటాధనము ఎక్కడికిని పోలేదు. తగ్గినది పేట్రనేజ్.