అటక మీది బీద్రీ: అసలేదో, విలువెంతో

కొల్హార్ అనగానే బీదర్ ఊరి పక్కనున్న పారిశ్రామిక వాడా, మందుల కంపెనీలూ గుర్తుకొస్తాయి. అక్కడి పాత ఇళ్ళ అటకల మీద ఏముందో ఎవరూ అడగరు. 1956 దాకా బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే కదా! అటూ ఇటూ సంబంధాలున్న మన తెలుగు కుటుంబాల్లో ఒక నల్లని పాన్‌దానో, వెండి పూల చెంబో ఉండటం వింత కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు వాటిని పట్టించుకునేవారే తక్కువ.

నేను ఆ ప్రాంతపు శాఖలో ఉండగా ఒక పెద్దావిడ గుడ్డలో చుట్టిన చెంబు తెచ్చి బల్ల మీద పెట్టింది. "సారూ, దీంట్ల వెండి ఉంది. బంగారం లెక్క దీని మీద లోనిస్తరా?" అంది. బ్యాంకుకు బంగారం తూచడం తెలుసు గాని పనితనం తూచడం తెలియదు. కుదరదన్నాను. బజారులో వెండి వ్యాపారి అప్పటికే అందులోని వెండికి ఒక ధర చెప్పాడట, కరిగించి తీసుకుంటానన్నాడట. వారం రోజులు ఆగమని బతిమాలి, బీదర్‌లో ఒక పనివాడికి చూపించాం. అతను దాన్ని తిప్పి చూసి, పూలకుండీ కాదమ్మా, హుక్కా అడుగు అన్నాడు. ఆవిడ చివరికి మెడలో గొలుసు మీద అప్పు తీసుకుని చెంబు ఇంటికి పట్టుకెళ్ళింది.

బీద్రీ వస్తువును గుర్తు పట్టాలంటే అది తయారయ్యే తీరు తెలియాలి. ఇది వెండి పాత్ర కాదు, ఇనుమూ కాదు. నూటికి తొంభై పాళ్ళ పైన తుత్తునాగం, కొద్దిగా రాగి కలిపి మట్టి అచ్చులో పోస్తారు. నునుపు చేసి, గీతలు కనబడటానికి మైలుతుత్తం నీళ్ళు పూసి, ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో కొట్టి దించుతారు. ఆఖర్న బీదర్ కోట మట్టినీ నవాసాగరాన్నీ కలిపి, వేడి చేసిన వస్తువుకు పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. అందులోనే ఉంది అందమంతా.

కనుక మొదటి పరీక్ష ఫ్రిజ్ మీది అయస్కాంతంతో చేయండి. అంటుకుందా, లోపల ఇనుము ఉన్నట్టే. చేతిలో తేలిగ్గా ఉంటే అల్యూమినియం మీద నల్లరంగు వేశారేమో అనుమానించాలి. ఇంతకన్నా నమ్మకమైనది ఇంకోటి: ఎక్కడైనా వెండి ఊడిందేమో భూతద్దంతో వెతకండి. అసలు దానిలో ఊడిన చోట ఉలి తవ్విన గాడి కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీలో గాడి ఉండదు. లోపం చూసి బాధపడతాం గాని, అక్కడే సాక్ష్యం దొరుకుతుంది. నలుపును బట్టి వయసు చెప్పలేం, మళ్ళీ కొత్తగా నల్లబరచవచ్చు.

వయసుకు ఆకారం కొంత సాయం చేస్తుంది. హుక్కా అడుగు బంతిలా గుండ్రంగా, కుదురు మీద నిలబెట్టేలా ఉంటే అది పాత పద్ధతి, పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటిది. గంట ఆకారం ఆ తర్వాత వచ్చింది. అయితే పాత ఆకారాన్ని ఈనాడూ పోత పోయవచ్చునని మరవకండి. వెండి పూలు ఉబ్బెత్తుగా ఉంటే లక్నో పని కావచ్చు, అక్కడా ఈ కళ సాగింది. ఇక బూడిద గిన్నె, కీచైన్ చూపించి 'బహమనీ సుల్తానుల నాటిది' అనేవాడికి దండం పెట్టి వచ్చేయండి! హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో బీద్రీ వస్తువుల ముందు ఒక గంట నిలబడితే కంటికి మంచి శిక్షణ.

విలువ మాటకొస్తే, అందులోని వెండి బరువు లెక్కలోకి రాదు. పని ఎంత సన్నగా ఉంది, మూతా లోపలి గిన్నెలూ అన్నీ ఉన్నాయా, అంచు పగిలి అతికించారా అన్నవే ముఖ్యం. ఈ లోహం పెళుసు, కింద పడితే చిట్లుతుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత ఫొటో, రసీదు ఉంటే దాచండి, కొనేవాడికి నమ్మకం పెరుగుతుంది. ధర తెలుసుకోవాలంటే దుకాణం అద్దంలో రాసిన ధర కాదు, వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడాలి. 2006లో బీద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ పేరుతో కొత్తవాటికి గిరాకీ పెరగవచ్చు గాని, మీ అటక మీది దాని వయసు పెరగదు.

అమ్మలకో మాట. ఇత్తడి బిందెలా దీన్ని చింతపండుతో తోమకండి. పులుపుకు నలుపు పోతుంది, లోహమూ తినేస్తుంది. పొడి గుడ్డతో తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపుదామనుకునేవారు 1972 నాటి పురావస్తు చట్టం తెలుసుకోవాలి. నూరేళ్ళు దాటిన వస్తువును సొంతదారు సైతం దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే భారత పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకున్నాకే పెట్టెలో సర్దండి.