ధర చెప్పేవారొకరు, ఆరా తీసేవారొకరు

వ్యవసాయ మార్కెట్ల పాడ్‌కాస్టుకు కొత్త వ్యాఖ్యాతల జంట వచ్చిందంటే మొదటి భాగమంతా పరిచయాలతోనే గడుస్తుంది. ఒకరు ఎన్నాళ్లుగానో సరుకుల వ్యాపారంలో ఉన్నారంటారు, ఇంకొకరిది రైతు కుటుంబమంటారు. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటారు. అదంతా బాగానే ఉంటుంది గానీ, అసలు ఇద్దరెందుకు? ధరలు చదవడానికి ఒక్క గొంతు చాలు కదా.

ఒకప్పుడు చాలింది కూడా. అమెరికా వ్యవసాయ శాఖ 1920 డిసెంబరులో మార్కెట్ సమాచారాన్ని మొదటిసారి రేడియో తరంగాల మీద పంపింది. అప్పటికి అది మాట కూడా కాదు, మోర్స్ సంకేతాల టక్కుటిక్కులు. రేడియో పిచ్చి ఉన్న ఔత్సాహికులు వాటిని విని, రాసుకుని, రైతులకు అందించేవారు. పట్నంలో ధర ఎంతో తెలియక గిట్టని బేరానికి సరుకు ఇచ్చేసే రైతుకు ఆ నాలుగు అంకెలే కొండంత అండ.

తర్వాత అంకెలు పెరిగాయి, చిక్కులూ పెరిగాయి. చికాగోలో ఆరు నెలల తర్వాతి మొక్కజొన్నకు ఈ రోజే ధర పలుకుతుంది. అదే ఫ్యూచర్స్ ధర. ఊరి గోదాములో రైతుకు ఇచ్చేది వేరే ధర. ఈ రెండింటి తేడాను అక్కడ బేసిస్ అంటారు. చికాగోలో బుషెల్, అంటే 25.4 కిలోలు, 4 డాలర్ల 30 సెంట్లు పలికి, ఊళ్లో 3 డాలర్ల 95 సెంట్లే ఇస్తే బేసిస్ మైనస్ 35 సెంట్లు. రవాణా ఖర్చు, గోదాములో చోటు, స్థానిక గిరాకీ అన్నీ ఆ 35 సెంట్లలోనే దాగి ఉంటాయి. పెద్ద ధర రేడియోలో వినిపిస్తుంది, రైతు బతుకు మాత్రం ఈ చిన్న తేడాలో తేలుతుంది. ఆ తేడా ఎందుకో అడిగే రెండో మనిషి అవసరం ఇక్కడే పడింది.

చికాగో డబ్ల్యూజీఎన్ రేడియోలో ఓరియన్ శామ్యూల్సన్ 1960లో చేరి 2020 చివరిదాకా, అరవై ఏళ్లు వ్యవసాయ కార్యక్రమాలు నడిపారు. 1977లో మాక్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి ఆయనకు తోడయ్యారు. ఒకరు విస్కాన్సిన్ పాడి రైతు కొడుకు, మరొకరు ఇండియానా రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. ఈనాటి పాడ్‌కాస్టు జంటలన్నిటికీ వాళ్లను పెద్దన్నలనుకోవచ్చు.

ఇక మన పత్తి దగ్గరకొద్దాం. ఆదిలాబాద్, వరంగల్, ఆదోని, ఎక్కడ పండినా పత్తికి ఒకేసారి మూడు భాషల్లో ధర పలుకుతుంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో పౌను దూదికి సెంట్లలో, మన జిన్నింగ్ మిల్లుల వ్యాపారంలో క్యాండీ దూదికి రూపాయల్లో, యార్డులో క్వింటా పత్తికి రూపాయల్లో. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు. మొదటి రెండూ గింజ తీసేసిన దూదివి, మూడోది గింజతో ఉన్న పత్తిది. ఈ తేడా చెప్పకుండా ‘న్యూయార్క్‌లో పత్తి పెరిగింది’ అనేసి ఊరుకునే వ్యాఖ్యాత వార్త చెప్పినట్టు కాదు.

లెక్క కోసం పౌను 65 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుందాం. అప్పుడు కిలో దూది దాదాపు 126 రూపాయలు. క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది, అంటే 4,280 రూపాయల పైచిలుకు. మిగిలిన దాంట్లో కొంత తరుగు పోను 64 కిలోల దాకా గింజ. కిలో 32 రూపాయలకు పోయినా 2,048 రూపాయలు. రెండూ కలిపితే 6,330 రూపాయలు దాటుతుంది. మిల్లు ఖర్చు, రవాణా, వ్యాపారి లాభం ఇందులోంచే పోవాలి.

ఈ లెక్కలో నాకు నచ్చేది గింజ. పైన చెప్పిన లెక్కలోనే న్యూయార్క్‌లో 5 సెంట్లు పెరిగితే క్వింటాకు దాదాపు 330 రూపాయలు కలుస్తాయి. ఇక్కడ గింజ ధర కిలోకు 5 రూపాయలు పెరిగినా 320 రూపాయలు కలుస్తాయి. రెండూ ఇంచుమించు సమానమే. అయినా న్యూయార్క్ కబురు చెప్పినంత శ్రద్ధగా నూనె మిల్లుల కబురు, పశువుల దాణాగా పోయే చెక్క ధర కబురు ఎవరూ చెప్పరు. జంటలో రెండోవారు ‘గింజ సంగతేంటి?’ అని ఒక్క మాట అడిగితే చాలు, ఆ రోజు కార్యక్రమం గిట్టుబాటైనట్టే.

2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. మన లెక్కలో వచ్చిన మొత్తానికీ దీనికీ ఎంత దూరముందో చూడండి. బయటి ధర తక్కువున్నప్పుడు, మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రాల ముందు బండ్లు బారులు తీరేది అందుకే. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసినప్పుడు రైతులు గగ్గోలు పెట్టిందీ అందుకే. బయటి దూది సుంకం లేకుండా వస్తే మిల్లులవాళ్లు ఇక్కడి సరుకుకు ఎక్కువ పెట్టాల్సిన పనేముంది?

మద్దతు ధర కూడా అందరి చేతికీ ఒకేలా రాదు. తేమ 8 శాతం మించకుంటేనే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, అంటే 81 రూపాయల 10 పైసలు. 12 శాతం తేమ ఉంటే 7,785 రూపాయల 60 పైసలే. అది దాటితే సీసీఐ కొనదు. మంచు కురిసే రోజుల్లో పొద్దున్నే తీసిన పత్తిని ఆరబెట్టకుండా బండికెత్తితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కాబట్టి వాతావరణం కబురు కూడా ధర కబురే, దాన్ని చివర్లో అరనిమిషంలో ముగించేయడం అన్యాయం.

ఖమ్మం, వరంగల్ మార్కెట్ల సంగతి ఇంకోటుంది. పొద్దున జెండా పాట, అంటే వేలం, పెడతారు. మేలు సరుకుకు పలికిన ఆ ధరే టీవీలో, వాట్సాప్‌లో తిరుగుతుంది. మధ్యాహ్నానికి కాంటా దగ్గరకొచ్చేసరికి చాలామందికి దానికంటే తక్కువే ముడుతుంది. మార్కెట్ల పట్టికలో కనిష్ఠం, గరిష్ఠంతో పాటు మోడల్ ధర అని ఒకటుంటుంది. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అది. వినేవాళ్లకు పనికొచ్చేది అదే, వ్యాఖ్యాతలు నోరారా చదివేది మాత్రం గరిష్ఠ ధర.

కొత్త జంటను ఇంకొకటి అడగాలి: మీ చేతిలో సరుకుందా? అమెరికాలో మార్కెట్ విశ్లేషణ చెప్పేవాళ్లలో చాలామంది బ్రోకర్లే. అందుకే ట్రేడింగులో నష్టం రావచ్చని వాళ్ల కార్యక్రమాల్లో ఒక హెచ్చరిక చదువుతుంటారు. మన దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిర్చి దాచిన వ్యాపారి మైకు ముందు కూర్చుని ‘ధర పెరుగుతుంది, ఆగండి’ అన్నా, ‘పడిపోతుంది, అమ్మేయండి’ అన్నా ఆ మాట విలువ వేరు. వ్యాపారి మాట్లాడకూడదని కాదు, అతనికి తెలిసినంత యార్డు మనకెవరికీ తెలియదు. తన గోదాములో ఏముందో ముందు చెప్పి మాట్లాడితే సరి. చెప్పకపోతే, పక్క కుర్చీలో ఉన్నవారు అడగాలి.