నీటి వెలుగులో ముఖం నల్లబడకుండా...

బార్డోలీ పేరు వినగానే 1928 నాటి రైతు సత్యాగ్రహం గుర్తుకొస్తుంది. గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో ఉన్న ఆ ఊరి నుంచి తూర్పుగా వెళ్తే, పొరుగున తాపీ జిల్లాలో ఉకాయి జలాశయం కనిపిస్తుంది. తాపీ నదిపై 1972లో పూర్తయిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరది. అక్కడ పడవ మీద వల విసిరే జాలరిని ఫోన్‌తో ఫొటో తీస్తే, తరచూ నీళ్లు ధగధగ మెరుస్తాయి, మనిషి మాత్రం నల్లని బొమ్మలా మిగిలిపోతాడు. ఎవరి శ్రమను చూపాలనుకున్నామో ఆ ముఖమే కనిపించదు.

కెమెరా ఎందుకు పొరబడుతుంది?

ముందున్న దృశ్యమంతా సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందన్న అంచనాతో కెమెరా కాంతిని కొలుస్తుంది. చుట్టూ మెరిసే నీరే ఎక్కువగా ఉంటే, దాన్ని తగ్గించబోయి ముఖాన్నీ చీకటి చేస్తుంది. ఫోన్ తెరపై ముఖాన్ని తాకి, అక్కడే వెలుగును స్థిరపరిస్తే చాలావరకు సరిపోతుంది. నీరు కాస్త తెల్లబడినా నష్టం లేదు.

కోణంలోనే కిటుకు

నీటిని నిట్టనిలువుగా పైనుంచి చూస్తే, పడిన కాంతిలో సుమారు 2 శాతమే పరావర్తనం చెందుతుంది. చూపు నీటిమట్టానికి 10 డిగ్రీల ఎత్తుకు దిగితే అది దాదాపు 35 శాతానికి పెరుగుతుంది. అందుకే ఒడ్డున కూర్చుని తీసిన ఫొటోలో మెరుపు ఎక్కువ, గట్టు మీద నుంచి తీసిన దాంట్లో తక్కువ.

నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల ఎత్తు నుంచి చూసినప్పుడు పరావర్తన కాంతి పూర్తిగా ధ్రువితమవుతుంది. ఈ సూత్రాన్ని 1815లో డేవిడ్ బ్రూస్టర్ వెల్లడించాడు. ఆ కోణంలో పోలరైజర్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పితే మెరుపు తగ్గి, నీటి అడుగు కూడా కనిపించవచ్చు. అలలున్న నీటిలో ఫలితం కొంత తగ్గుతుంది. పైగా ఫిల్టర్ సగానికి పైగా కాంతిని ఆపేస్తుంది. కాబట్టి తెల్లవారుజామున దాన్ని తీసేయడమే మేలు. గాల్లో విచ్చుకునే వల స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 500వ వంతు దగ్గర ఉండాలి.

నీరే దీపం

మెరుపు ఎప్పుడూ శత్రువు కాదు. మధ్యాహ్నం టోపీ నీడలో మునిగిన ముఖానికి, నీటి నుంచి పైకి వచ్చే వెలుగే సాయపడుతుంది. పడవకు దగ్గరగా వెళ్లి, జాలరి అనుమతి తీసుకుని, ఆ వెలుగు ముఖంపై పడే క్షణం కోసం ఆగాలి. కొల్లేరులోనైనా, గోదావరి రేవులోనైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.